తొలి మేళం

యౌవనంలో అడుగుపెట్టిన పిల్లవాడు సంగీతం మీద ఆసక్తి చూపితే తల్లిదండ్రులు సాధారణంగా కాదనరు. వారానికి రెండు రోజులు గురువుగారి ఇంటికి వెళ్ళి పాఠం నేర్చుకుంటానంటే సంతోషిస్తారు. కళాశాల వార్షికోత్సవంలో పాడి బహుమతి తెచ్చుకుంటే దానిని నలుగురికీ చూపించి మురిసిపోతారు. కానీ అదే పిల్లవాడు నలుగురు మిత్రులతో మేళం కట్టి, మెరిసే దుస్తులు ధరించి, జనం ముందు వాయిస్తానంటే ఇంట్లో వాతావరణం మారిపోతుంది. చదువు చెడుతుందన్న భయం ఒకవైపు, వేషాలు నేర్చుకుంటున్నాడన్న నింద మరొకవైపు బయలుదేరుతాయి. ‘వేషాలు వేయడం’ అన్న పలుకుబడికి మన వాడుకలో కపటమనే అర్థమే స్థిరపడింది. సంగీతం మంచిదే గాని, వేషం కట్టిన సంగీతం మంచిది కాదన్న ఈ అభిప్రాయం ఎంతవరకు సమంజసమో ఆలోచించవలసిన అవసరం ఉంది.

ఈ వివాదం మనకు మాత్రమే పరిమితమైనది కాదు. 1970ల తొలినాళ్ళలో బ్రిటన్‌లో ‘గ్లామ్ రాక్’ అనే సంగీత ధోరణి తలెత్తింది. గిటారు, డ్రమ్ములతో సాగే రాక్ సంగీతానికి రంగస్థల వేషధారణను జోడించడం దాని ప్రత్యేకత. 1971లో మార్క్ బోలన్ అనే గాయకుడు కళ్ళ కింద తళుకుపొడి అద్దుకొని టెలివిజన్‌లో పాడాడు. 1972లో డేవిడ్ బౌవీ ‘జిగ్గీ స్టార్‌డస్ట్’ అనే కల్పిత పాత్రగా వేషం కట్టి వేదిక ఎక్కాడు. ఎత్తు మడమల బూట్లు, రంగు వేసిన జుట్టు, జిగేలుమనే వస్త్రాలు చూసి యువకులు ఉర్రూతలూగారు. పెద్దలు ముఖం చిట్లించారు. పురుషుడు స్త్రీవలె అలంకరించుకోవడమేమిటని ఆక్షేపించారు.

అయితే ఆ తళుకు వెనుక ఉన్న కాలాన్ని కూడా లెక్కించాలి. 1947లో జన్మించిన బౌవీ 1962లో, పదిహేనేళ్ళ ప్రాయంలో, ‘కాన్‌రాడ్స్’ అనే తన తొలి బృందంలో చేరి శాక్సొఫోన్ వాయించాడు. ఆ బృందం వాయించినది స్థానిక యువజన సమావేశాలలో, పెళ్ళి వేడుకలలో. ఆ తర్వాత అతడు లిండ్సే కెంప్ అనే కళాకారుని వద్ద మూకాభినయం అభ్యసించాడు. తొలి బృందానికీ జిగ్గీ వేషానికీ మధ్య పదేళ్ళ సాధన ఉంది. ‘క్వీన్’ బృందంతో లోకప్రసిద్ధుడైన ఫ్రెడ్డీ మెర్క్యురీ కథ మన దేశానికి మరింత దగ్గరిది. మహారాష్ట్రలోని పంచగని పాఠశాలలో చదువుకుంటున్నప్పుడే అతడు తోటి విద్యార్థులతో ‘హెక్టిక్స్’ అనే బృందంలో పియానో వాయించాడు. వేదికల మీద వేలాదిమందిని తనవెంట పాడించిన ఆ కళాకారుని తొలి శ్రోతలు బడిపిల్లలే.

పెళ్ళిలో మొదలైన కళ, వేషం కట్టిన సంగీతం అనగానే రాయలసీమవాసికి స్ఫురించవలసిన పేరు మరొకటి ఉంది. అది సురభి. కడప జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో ఒక వివాహ సందర్భంగా ‘కీచకవధ’ నాటకం ప్రదర్శించారని చెబుతారు. అంతవరకు తోలుబొమ్మలాట ఆడుతూ ఊరూరా తిరిగిన కుటుంబం అది. తెర వెనుక నిలబడి బొమ్మకు గొంతునిచ్చినవారు ఆ రోజు తామే ముఖానికి రంగు వేసుకొని తెర ముందుకు వచ్చారు. వనారస గోవిందరావు మూలపురుషుడిగా ఎదిగిన ఆ సమాజం కాలక్రమంలో అనేక బృందాలుగా విస్తరించి తెలుగుదేశమంతటా సంచరించింది. స్త్రీ పాత్రలను పురుషులే ధరించే కాలంలో సురభి కుటుంబాల స్త్రీలు వేదిక ఎక్కారు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించిన కమలాబాయి ఆ కుటుంబాల ఆడబిడ్డే. 2013లో సురభి నాగేశ్వరరావు ‘పద్మశ్రీ’ పురస్కారం అందుకున్నారు.

సురభి నాటకంలోని తళుకు సామాన్యమైనది కాదు. రంగురంగుల తెరలు క్షణాలలో మారిపోతాయి. నారదుడు ఆకాశమార్గాన దిగివస్తాడు. బాణాలు ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి. ‘మాయాబజార్’లో ఘటోత్కచుని మాయలకు పిల్లలే కాదు, పెద్దలు కూడా నోరు తెరుస్తారు. కిరీటాలు, భుజకీర్తులు, గిల్టు నగలు దీపకాంతిలో ధగధగలాడతాయి. గ్లామ్ రాక్‌ను చూసి ముఖం చిట్లించేవారు మన పౌరాణిక నాటకాన్ని మాత్రం సంప్రదాయమని గౌరవిస్తారు. రెండింటిలోనూ ఉన్నది అలంకారమే. ఒకటి అలవాటైనది, మరొకటి అలవాటు కానిది. అంతే భేదం.

ఇంత తళుకును నిలబెట్టేది వేదిక ముందు కూర్చున్న హార్మోనియం, తబలా కళాకారులు. వారికి కిరీటం లేదు. ప్రేక్షకులు వారి ముఖం కూడా సరిగా చూడరు. నటుడు ఏ శ్రుతిలో పద్యం ఎత్తుకుంటాడో హార్మోనియం కళాకారుడు ముందే కనిపెట్టాలి. గొంతు అలసిన నటుడు స్థాయి తగ్గిస్తే తానూ వెంటనే దిగాలి. తెర మారడం ఆలస్యమైతే రాగాన్ని కొంతసేపు పొడిగించాలి. బాలనటుడు మాట మరచిపోతే ఆ లోటు తెలియకుండా స్వరంతో పూడ్చాలి. ఈ విద్యను ఏకాంతంగా గదిలో కూర్చొని ఎన్నేళ్ళు సాధన చేసినా పొందలేము. తన వాద్యం కంటె ఎదుటివాని గొంతును ఎక్కువగా వినడం బృందం మాత్రమే నేర్పగల పాఠం. డ్రమ్ముల లయను పట్టుకొని గిటారు వాయించే నేటి యువకుడు నేర్చుకొనేది కూడా ఇదే.

కర్నూలు, కడప జిల్లాల పల్లెలలో ఈ విద్య చాలాకాలం వీధి వేదిక మీదనే సాగింది. పంటలు ఇంటికి వచ్చిన తర్వాత, శివరాత్రికో ఊరి తిరునాళ్ళకో రైతు కుటుంబాల యువకులు పద్యనాటకం ఆడేవారు. హార్మోనియం గురువును ఊరికి పిలిపించుకొని, రాత్రి భోజనాలైన తర్వాత గుడి ముందరో రచ్చకట్ట మీదనో పద్యాలు వల్లెవేసేవారు. పట్టణం నుండి అద్దెకు తెచ్చిన దుస్తులు ఒక్క రాత్రికే. కానీ ఆ ఒక్క రాత్రి కోసం నెలల తరబడి అభ్యాసం జరిగేది. వాన మీద ఆధారపడిన మెట్టసీమలో కరువు తప్పని అతిథి. అటువంటి చోట కూడా ఊరివారు తలా కొంత వేసుకొని నాటకం ఆడించుకొన్నారంటే, కళను కడుపు నిండినవారి విలాసమని కొట్టిపారవేయలేము.

తళుకు హద్దు మీరిన సందర్భాలు లేకపోలేదు. పాత్రోచితం మరచి, పద్యం భావం విడిచి, చప్పట్ల కోసం రాగాన్ని సాగదీసే అలవాటు మన నాటకరంగాన్ని పట్టి పీడించింది. ఆ ధోరణిని నిరసించినవారిలో 1880లో తాడిపత్రిలో జన్మించిన బళ్ళారి రాఘవ అగ్రగణ్యుడు. న్యాయవాదిగా, మహానటుడిగా పేరుగాంచిన ఆయన సహజాభినయం కోసం పట్టుబట్టాడు. ఆయన విమర్శ నేటి యువబృందాలకు కూడా వర్తిస్తుంది. ముందుగానే ముద్రించిన ట్రాకు వెనుక మోగుతుంటే, చేతిలో గిటారు పట్టుకొని వాయిస్తున్నట్లు అభినయించడం, పెదవులు మాత్రమే కదిలించడం అక్కడక్కడా కనిపిస్తున్నాయి. అది వేషం అన్న మాటకు లోకం ఇచ్చిన చెడ్డ అర్థాన్నే నిజం చేస్తుంది. మెరిసే చొక్కా దోషం కాదు. దాని వెనుక సాధన లేకపోవడం దోషం.

చదువు సంగతేమిటన్న ప్రశ్నను తేలికగా తీసుకోరాదు. కడప అమీన్ పీర్ దర్గాకు తరచు వచ్చే సంగీత దర్శకుడు ఏ.ఆర్. రెహమాన్ జీవితాన్ని ఈ సందర్భంలో ఉదాహరించడం పరిపాటి. ఆయన యౌవనంలో శివమణి మొదలైన మిత్రులతో ‘రూట్స్’ అనే బృందంలో కీబోర్డు వాయించాడు. ‘నెమిసిస్ అవెన్యూ’ అనే రాక్ బృందాన్ని స్థాపించాడు. 2009లో రెండు ఆస్కార్ పురస్కారాలు అందుకున్నాడు. అయితే తొమ్మిదేళ్ళ వయస్సులో తండ్రిని కోల్పోయి, కుటుంబ పోషణ కోసం బడి మానవలసి వచ్చిన బాలుడాయన. ఆ కష్టాన్ని ఆదర్శంగా చూపి చదువు మానుకోవడం అవివేకం. బృందంలో వాయించిన ప్రతివాడూ రెహమాన్ కాడు, కానక్కరలేదు కూడా. ఆటలాడిన విద్యార్థులందరూ దేశం తరఫున ఆడరు. అయినా ఆటస్థలం లేని కళాశాలను మనం మంచి కళాశాల అనము. సంగీతబృందానికి కూడా ఈ న్యాయమే వర్తించాలి.

నిజానికి తొలి బృందం ఇచ్చే శిక్షణ చదువుకు శత్రువు కాదు. అనుకొన్న వేళకు రావడం, తన తప్పును పదిమందిలో సరిదిద్దుకోవడం, తనకంటె బాగా వాయించేవాని పక్కన అసూయ లేకుండా నిలబడడం, వచ్చిన కొద్దిపాటి డబ్బును సమానంగా పంచుకోవడం అందులో అలవడతాయి. ర్యాంకుల కోసం ఒకరిని ఒకరు దాటిపోవడమే నేర్పుతున్న వాతావరణంలో, ఒకరి కోసం మరొకరు ఆగడం నేర్పే చోటు విద్యార్థికి అత్యవసరం. లయ తప్పిన మిత్రుణ్ణి వదిలి ముందుకు పోతే పాటే చెడిపోతుంది.

ఆడపిల్లల విషయంలో మన సంకోచం మరింత విచారకరం. పాట నేర్పించడానికి అంగీకరించే కుటుంబాలు కూడా బృందంతో వేదిక ఎక్కడానికి వెనుకాడతాయి. స్త్రీలు దశాబ్దాల క్రితమే రంగు వేసుకొని నిలిచిన సురభి మన గడ్డ మీదే పుట్టిందన్న సంగతి అప్పుడు గుర్తుకు రాదు. భద్రత కోసం చేయవలసిన ఏర్పాట్లు పెద్దల బాధ్యత. ఆ బాధ్యతను తప్పించుకోవడానికి అమ్మాయి గొంతును ఇంటికి పరిమితం చేయడం న్యాయం కాదు.

ఇందుకు చేయవలసినది అసాధ్యమైనదేమీ కాదు. తరగతులు ముగిసిన తర్వాత వారానికి రెండు సాయంత్రాలు ఒక గదిని కళాశాల విద్యార్థి బృందానికి ఇవ్వాలి. ఒక హార్మోనియం, ఒక డోలక్, వీలైతే ఒక కీబోర్డు సమకూర్చాలి. చుట్టుపక్కల పల్లెలలో పద్యనాటకాలకు వాయించిన వృద్ధ కళాకారులను సగౌరవంగా ఆహ్వానించి, తగిన పారితోషికమిచ్చి విద్యార్థుల పక్కన కూర్చోబెట్టాలి. పరీక్షల నెలలో విరామం పాటించడం, ట్రాకు సాయం లేకుండా స్వయంగా వాయించడం బృందం తనకు తాను పెట్టుకొనే నియమాలు కావాలి. రాక్ పాట వాయించాలా, జానపదం వాయించాలా అన్నది వారి ఇష్టానికి వదిలివేయవచ్చు.

సురభి కుటుంబాలలో పలువురు హైదరాబాదు శేరిలింగంపల్లిలో స్థిరపడ్డారు. పుట్టిన సీమను వదిలి బతుకుతెరువు వెతుక్కుంటూ కళ తరలిపోవడం మనకు కొత్త కాదు. అయితే తరలిపోయిన కళను తలచుకొని గర్విస్తూనే, ఇంట్లో గిటారు పట్టిన పిల్లవాణ్ణి గద్దించడం పొంతన లేని పని. 1885లో ఆ బొమ్మలాటగాళ్ళను వేషాలు కట్టవద్దని ఊరి పెద్దలు మందలించి పంపి ఉంటే సురభి అన్న పేరు ఒక గ్రామానికే పరిమితమయ్యేది. ఆ పెద్దలు పందిరిలో చోటిచ్చి, కూర్చొని చూశారు. నేటి పెద్దలు కూడా అంతమాత్రం చేస్తే చాలు. మిగిలిన సాధన యువకులదే.