తుమ్ములకు భయం, వేవిళ్లకు ధైర్యం

కోడలికి రెండో నెలలో వాంతులు పట్టుకుంటే డాక్టరమ్మ రాసిన డాక్సినేట్ మాత్రను అత్తగారు దగ్గరుండి వేయిస్తుంది. అదే పిల్ల ఐదో నెలలో తెల్లవార్లూ తుమ్ముతూ కూర్చుంటే మాత్రం సెట్రిజిన్ పేరెత్తనివ్వదు. ‘ఎలర్జీ మాత్రలా! లోపల బిడ్డ ఏమైపోవాలి?’ వాంతుల మాత్రలో ఉన్న డాక్సిలమైన్ కూడా ఎలర్జీ మందుల జాతిదే, యాంటీహిస్టమినేనని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

ఆ డాక్సిలమైన్ ఎన్నోసార్లు బోనెక్కిన మందు. అమెరికాలో 1956లో బెండెక్టిన్ పేరుతో వచ్చింది. తర్వాత కొన్నేళ్లకే, గర్భిణులు వేసుకున్న థాలిడోమైడ్ మందు వల్ల పిల్లలు అవకరాలతో పుట్టిన ఘోరం బయటపడింది. ఆ భయం జనంలో ఉండగానే, అవకరాలతో పుట్టిన కొందరు పిల్లల తల్లులు బెండెక్టిన్ వాడారంటూ దావాల మీద దావాలు పడ్డాయి. వేసుకున్నవాళ్లు లక్షల్లో ఉన్నప్పుడు వాళ్లలో కొందరికి అలాంటి బిడ్డలు పుట్టడానికి మందే కారణం కానక్కర్లేదు. అయినా కోర్టుల పోరు పడలేక 1983లో కంపెనీ దాన్ని ఆపేసింది. అవకరాలు తగ్గలేదు. వాంతులతో ఆసుపత్రి పాలయ్యే గర్భిణులు మాత్రం పెరిగారు. ఆ దావాల్లో ఒకటై 1993లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లిన డాబర్ట్ కేసులో కంపెనీ తరఫు నిపుణుడు లక్షా 30 వేల మందికి పైగా స్త్రీల మీద జరిగిన అధ్యయనాలను ముందుపెట్టి, ఒక్కటీ ఈ మందును తప్పుపట్టలేదన్నాడు. డాక్సిలమైన్, బి6 విటమిన్ కలిసిన మాత్రకు అక్కడ మళ్లీ అనుమతి దొరికింది 2013లో. ఆ 30 ఏళ్ల వాంతులకు జవాబుదారు ఎవరో!

సెట్రిజిన్, లొరాటడిన్‌లనూ వేల మంది గర్భిణుల్లో గమనించారు. అవకరాలు పెరిగిన దాఖలా కనిపించలేదు. అందుకే ఎలర్జీ బాగా ఉంటే డాక్టర్లు వీటిని రాస్తారు.

నా గొడవంతా మెడికల్ షాపులో ‘జలుబు మాత్ర’ అని అడగ్గానే చేతిలో పడే స్ట్రిప్పుతోనే. అందులో యాంటీహిస్టమిన్‌తో పాటు పారాసిటమాల్, ముక్కుదిబ్బడకు రక్తనాళాలను బిగించే ఫినైల్‌ఎఫ్రిన్ ఉంటాయి. బీపీ ఉన్న గర్భిణికి ఆ మూడోది మంచిది కాదు. కొన్నింట్లో ఐబుప్రొఫెన్ కూడా కలుస్తుంది. 20 వారాలు దాటాక అది బిడ్డ కిడ్నీల మీద పడి ఉమ్మనీరు తగ్గిపోవచ్చు. మన దేశంలో ఈ కలగూరగంప మాత్రలకు కొదవ లేదు. లోపల ఏముందో చదవాలంటే భూతద్దం కావాలి. తుమ్ములకు ఒక మందు చాలే చోట మూడు ఎందుకు మింగాలి?

దురదకిచ్చే యాంటీహిస్టమిన్లలో హైడ్రాక్సిజిన్ సంగతి వేరు. తొలి నెలల్లో వాడొద్దని దాని తయారీదార్లే చెబుతారు. ఇంట్లో పాత చీటీ ఉంది కదా అని తెప్పించుకోకూడదు.

దురదంటే ఇంకోటి. చివరి నెలల్లో ఒంటి మీద దద్దుర్లేమీ లేకుండా అరచేతులు, అరికాళ్లు దురదపెడుతూ, రాత్రయితే ఎక్కువవుతుంటే అది ఎలర్జీ కాకపోవచ్చు. కాలేయం నుంచి పైత్యరసం సాఫీగా సాగక రక్తంలో పైత్య ఆమ్లాలు పేరుకుంటే ఇలాగే ఉంటుంది. అవి మోతాదు మించితే కడుపులో బిడ్డ ప్రాణానికే ముప్పు. ‘వేడి చేసిందమ్మా’ అని మజ్జిగ ఇచ్చి, ఒక దురద మాత్ర వేసి పడుకోబెడితే నిద్ర పడుతుంది, జబ్బు దాగుతుంది. అలాంటి దురద కనిపించిన మర్నాడే లివర్ టెస్టుతో పాటు బైల్ యాసిడ్స్ పరీక్ష కూడా చేయించమని అడగాలి.