సూచికలకు నిబంధనలెన్నో, నిర్బంధమే కరవు

రైల్వే ప్లాట్‌ఫారంపై చూపులేని ప్రయాణికుడికి దారి తెలిపేది కాలికి తగిలే పలక. పొడవాటి గీతల పలక ముందుకు సాగమంటుంది, బొడిపెల పలక ఆగమంటుంది. వినికిడి లేనివారికి మైకు ప్రకటన నిరుపయోగం. వారికి తెరపై అక్షరాలు కావాలి. ఈ సంకేతాలు అన్నిచోట్లా ఒకే తీరుగా ఉంటేనే వాటికి అర్థం. అయితే రైలు దిగి మెట్రో ఎక్కి, ఆపై బస్సు పట్టుకునే ప్రయాణికుడు ఒక్కడే అయినా, అతడు దాటే మూడు చోట్లకు కేంద్రంలో శాఖలు మూడు. ఎవరి మార్గదర్శకాలు వారివి. 1951లోనే భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడి బ్రెయిలీ లిపిని కుదుర్చుకున్న దేశంలో ఇది విడ్డూరమే.

అసలు చిక్కు ఇంకా లోతైనది. ప్లాట్‌ఫారం అంచున చెక్కుడు గుర్తులు, కూడళ్లలో శబ్ద సంకేతాలు ఉండాలని 1995 నాటి వికలాంగుల చట్టమే చెప్పింది; కానీ 'ఆర్థిక స్తోమత మేరకు' అన్న మినహాయింపును జోడించింది. 2016 చట్టం 40వ సెక్షన్ ప్రమాణాలను నిబంధనల రూపంలో రూపొందించే బాధ్యతను కేంద్రంపై ఉంచింది. ఉల్లంఘనకు తొలిసారి రూ.10 వేల వరకు, ఆపై రూ.50 వేల నుంచి రూ.5 లక్షల వరకు జరిమానా విధించే వీలు కల్పించింది. తీరా 2017 నిబంధనల్లోని 15వ నిబంధన వివిధ శాఖల మార్గదర్శకాలనే ఏకరువు పెట్టింది. వాటి నిండా 'వీలైతే', 'వాంఛనీయం' వంటి మాటలే. సలహాను పాటించలేదని ఎవరికి జరిమానా వేయగలరు?

ఈ లోపాన్ని హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయ అధ్యయన కేంద్రం సుప్రీంకోర్టుకు నివేదించింది. 2005లో దాఖలైన రాజీవ్ రతూరి పిటిషన్‌పై 2024 నవంబర్ 8న తీర్పు వెలువరించిన ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ నాయకత్వంలోని ధర్మాసనం, 15వ నిబంధన మాతృచట్టానికే విరుద్ధమని తేల్చింది. రాజీకి తావులేని కనీస ప్రమాణాలను వేరుచేసి, మూడు నెలల్లో తప్పనిసరి నిబంధనలు తేవాలని ఆదేశించింది.

పాత స్టేషన్లన్నిటినీ ఒక్కసారిగా మార్చలేమన్న అధికారుల వాదనలో కొంత నిజముంది. లిఫ్టుకు స్థలం కావాలి, నిధులు కావాలి. స్పష్టమైన రంగుల బోర్డుకు, బ్రెయిలీ పలకకు అంత వ్యయం లేదు. 2011 జనగణన ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, వారిలో చూపు, వినికిడి లోపాలున్నవారే కోటికి పైగా. కనీస ప్రమాణాల జాబితా మళ్లీ శాఖలవారీగా చీలిపోతే, తప్పనిసరి అన్న ముద్ర పడినా మెట్రో గుమ్మం దాటగానే వారికి దారి తప్పుతుంది.