చూసింది చెబితే చాలు

బేగంపేటలో మా ప్రార్థన కూటం ప్రతి బుధవారం సాయంత్రం ఒక్కొక్కరి ఇంట్లో జరుగుతుంది. ఒక పాట, ఒక వాక్యం, ఆ తర్వాత సాక్ష్యాలు. చివర్లో టీ, ఉస్మానియా బిస్కట్లు. సాక్ష్యం అంటే పెద్ద ఉపన్యాసమేం కాదు. దేవుడు నా జీవితంలో ఏం చేశాడో నా మాటల్లో పదిమందికీ చెప్పుకోవడం.

కొన్నేళ్ల కిందట ఒక బుధవారం నా వంతు వచ్చింది. అప్పటికి నెల ముందే మా అబ్బాయి డెంగీ జ్వరం నుంచి బయటపడ్డాడు. ఐదు రోజులు ఐసీయూలో ఉన్నాడు. ఆ ఐదు రోజులూ మా కుటుంబం అనుభవించింది చెప్పాను. చెబుతుంటే గొంతు పూడుకుపోయింది. అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఆ ఊపులో ఆఖర్న ఒక మాట అన్నాను. ''తల్లి నమ్మకంతో అడిగితే దేవుడు బిడ్డను తప్పకుండా బతికిస్తాడు'' అని. గదంతా ''స్తోత్రం'' అంది.

గుమ్మం దగ్గర కూర్చున్న ఒకావిడ మాత్రం టీ తాగకుండానే లేచి వెళ్లిపోయింది. ఇంటావిడ పిలిస్తే మొదటిసారి వచ్చిన కింది వాటా ఆవిడ. ''ఏమైంది?'' అనడిగాను. ఇంటావిడ గొంతు తగ్గించి చెప్పింది. ''అంతకుముందు ఏడాది వాళ్ల పాప అదే జ్వరంతో పోయిందండీ. ఆవిడ మొక్కని దేవుడు లేడు.''

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు సిగ్గు విడిచి వాళ్ల తలుపు తట్టాను. ఆవిడ కోప్పడలేదు. ''మీ బాబు బతికాడని చెబుతుంటే సంతోషంగానే విన్నానక్కా. నమ్మకంతో అడిగితే తప్పకుండా బతుకుతారన్నారు చూడండి, అక్కడ ఆగిపోయాను. అంటే నా నమ్మకమే చాల్లేదన్నమాట అనుకున్నాను'' అంది.

నేను చెప్పిన సాక్ష్యాన్ని ఇంటికొచ్చి మాట మాటా నెమరేసుకున్నాను. బిడ్డ జబ్బుపడ్డాడు... నిజం. ప్రార్థించాను... నిజం. కోలుకున్నాడు... అదీ నిజమే. దేవుడే కాపాడాడని నేను నమ్ముతున్నాను... అది నా విశ్వాసం, చెప్పుకునే హక్కు నాకుంది. కానీ 'అడిగిన ప్రతి తల్లికీ ఇలాగే జరుగుతుంది' అన్నానే, అది నేను చూసింది కాదు. నా కథకు నేను తగిలించిన తీర్పు. కోర్టులో సాక్షి కళ్లారా చూసింది చెప్పి బోను దిగుతాడు. తీర్పు చెప్పడం అతని పని కాదు.

ఈ సంగతి నాకు బోధపరిచినవాళ్లలో మా పేటలోనే పనిచేసిన ఒక డాక్టరు కూడా ఉన్నాడు. సర్ రోనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న ఇక్కడే, మలేరియా రోగి రక్తం తాగిన దోమ కడుపు కోసి సూక్ష్మదర్శినిలో చూసి, ఆ వ్యాధి క్రిమి జాడ కనిపెట్టాడు. హుసేన్‌ఖాన్ అనే రోగిని కుట్టిన ఒక్కో దోమకూ ఒక్కో అణా చొప్పున ఆ రోగికే ఇచ్చాడంటారు. ఆ ఆనందంలో దేవుడికి కృతజ్ఞతలు చెబుతూ కవిత రాసి భార్యకు పంపాడు. అదే డాక్టరు ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం రాసినప్పుడు, మలేరియా గుట్టు విప్పేశానని శీర్షిక పెట్టుకోలేదు. రెండు దోమల్లో కనిపించిన విచిత్రమైన కణాల గురించి అని మాత్రమే పెట్టాడు. కవితలో గుండె నిండా కృతజ్ఞత, వ్యాసంలో చూసినంతే. 1902లో నోబెల్ బహుమతి ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది.

బైబిల్లోనూ ఇలాంటి సాక్షి ఒకడున్నాడు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డి. చూపు వచ్చాక మతపెద్దలు పిలిచి, నీకు చూపిచ్చినవాడు పాపి కాదా అని నిలదీస్తారు. అదంతా తనకు తెలియదంటాడు. నిన్నటిదాకా గుడ్డివాణ్ని, ఇప్పుడు కనిపిస్తోంది, తనకు తెలిసింది ఇదొక్కటే అంటాడు. అంత చిన్న సాక్ష్యానికి అంత చదువుకున్నవాళ్లూ జవాబు చెప్పలేకపోయారు.

అయితే చూసింది చెప్పడానికి కూడా గుండె కావాలి. ముషీరాబాద్‌లోని హెబ్రోను మనలో చాలామందికి తెలుసు. దాన్ని స్థాపించిన భక్తసింగ్ పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టారు. కుర్రతనంలో ఎవరో ఇచ్చిన బైబిలు అట్ట బాగుందని ఉంచుకుని, లోపలి కాగితాలు చింపేశానని ఆయనే చెప్పుకునేవారు. కెనడాలో చదువుకుంటుండగా ఆ పుస్తకమే చదివి క్రీస్తును నమ్మారు. 1933లో బొంబాయిలో ఓడ దిగితే, ఇంటి పరువు కోసం ఈ విషయం బయటపెట్టొద్దని తల్లిదండ్రులు బతిమాలారు. ఆయన దాచలేనన్నారు. ఇల్లు దూరమైంది. 2000 సెప్టెంబరు 17న హైదరాబాద్‌లో కన్నుమూస్తే కడసారి చూపుకు వేలాది జనం వచ్చారు. కాగితాలు చింపిన సంగతి దాచి ఉంటే ఆయన కథలో సగం బలం పోయేది. సాక్ష్యంలో మన గొప్పే కాదు, మన తప్పూ ఉండాలి.

చదువు లేనివాళ్లు సాక్ష్యం చెప్పగలరా అంటారా? 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య, బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత తమ తలపై చేయి పెట్టించి, నమ్మిన సంగతి పదిమందికీ చెబుతామని పలికించేవారు. ఆ చెప్పినవాళ్లలో ఎక్కువమంది అక్షరం ముక్క రాని మాల, మాదిగ కూలీలు. వాళ్ల మాటకన్నా ముందు వాళ్ల బతుకులో వచ్చిన మార్పును ఊరు చూసింది.

మరి మనది పండగలన్నీ కలిపి జరుపుకునే వీధి. ఎదురింటివాళ్ల నోము ప్రసాదం మనింటికొస్తుంది, మన క్రిస్మస్ కేకు వాళ్లింటికెళ్తుంది. రాజ్యాంగం 25వ అధికరణం మన విశ్వాసాన్ని ప్రచారం చేసుకునే హక్కు మనకిచ్చింది. ఎదుటివాళ్లను మతం మార్చే హక్కు మాత్రం అందులో లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం సంగతి అటుంచినా, పేతురు రాసిన మొదటి పత్రిక చెప్పేదీ మర్యాద గురించే. మీ నిరీక్షణకు కారణం ఎవరైనా అడిగితే, సాత్వికంగా, గౌరవంగా చెప్పమంటుంది. అడిగినప్పుడు... ఆ మాట గమనించండి.

అందుకే ఇప్పుడు సాక్ష్యం చెప్పేముందు మూడు సంగతులు చూసుకుంటాను. ఇది నాకు జరిగిందా, లేక నేను కలుపుతున్నానా? వినేవాళ్లలో నాకు దక్కింది దక్కనివాళ్లు ఉన్నారా? నేను చెప్పడం అయ్యాక వాళ్ల కథ వినే ఓపిక నాకుందా? ఐదు నిమిషాలు దాటనివ్వను. ఆసుపత్రి మంచం దగ్గర, అప్పుల్లో ఉన్నవాళ్ల దగ్గర అసలు మొదలుపెట్టను. అక్కడ చేయాల్సింది సాయం, చెప్పాల్సింది ధైర్యం.

ఆ రోజు ఆవిడకి కూటంలో చెప్పని సంగతి చెప్పాను. ఐసీయూలో మూడో రాత్రి నాకు ప్రార్థన రాలేదు. దేవుడి మీద కోపం వచ్చింది. వార్డులోని ఆయమ్మ ఎవరో, ఏ మతమో తెలియదు, తెల్లవార్లూ నా చేయి పట్టుకుని కూర్చుంది. మా అబ్బాయి ఎందుకు బతికాడో, మీ పాప ఎందుకు బతకలేదో నాకు తెలియదన్నాను.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికెళ్లి పాప ఫొటో తెచ్చి నా చేతిలో పెట్టింది. ''రెండో తరగతి. బొమ్మలు బాగా గీసేది'' అంటూ మొదలుపెట్టింది. పొయ్యి మీద టీ మరిగి మరిగి సగమైంది. ఆ సగమే చెరికాస్త పోసుకుని, చీకటి పడేదాకా వింటూ కూర్చున్నాను.