ఇంటిదీపముల తీగలు – వాని కాపుదల

సోదరీమణులారా! పోయినమాసము ఊరగాయజాడీలను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈమాఱు గోడలలో మన కంటబడక యుండు కరెంటుతీగలను గూర్చి వ్రాయుచున్నాను. ఇది పురుషుల పని యని పుట త్రిప్పివేయకుడు. దినమెల్ల ఆ మీటలు నొక్కునది మనమే గదా!

మేము విశాఖపట్టణమున పాతనగరమందలి యొక పెంకుటింట కాపురముందుము. సముద్రపుటుప్పుగాలికి ఇత్తడియు రాగియు చిలుము పట్టుట ఇచ్చటి గృహిణులందఱు నెఱిగినదే. ఆ గాలి మీటలలోపలి లోహమును సైతము విడువదు. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను వచ్చి ఊరెల్ల చీకటి చేసిన పిదప, మా పెరటిగోడ తడి చాలకాల మాఱలేదు. అప్పటికి మా యింట పింగాణిఫ్యూజులే యుండెను. అవి మాటిమాటికి పోవుచుండగా, ఒక పనివాడు సన్నతీగకు మాఱుగా లావుతీగను చుట్టిపోయెను. అటుపై ఫ్యూజు పోలేదు, మేమును సంతసించితిమి! బరువు మించినపుడు తాను కరగిపోవుటకే గదా ఫ్యూజుతీగ యున్నది. అది కరగనిచో గోడలోని తీగ కాలును. ఒకరాత్రి పూజగదిలో కమురువాసన వచ్చినపుడు గాని మాకీ సంగతి తెలియలేదు.

వెంటనే తీగలన్నియు మార్పించితిమి, లేక మార్పించితి మనుకొంటిమి. దీపములకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగయు, దానికి 6 ఆంపియర్ల ఎం.సి.బి.యు, గీజరువంటి వానికి వేఱుగా లావుతీగయు, 16 ఆంపియర్ల ఎం.సి.బి.యు. పూర్వము 60 వాట్ల బల్బు ఇచ్చుచుండిన వెలుగును నేడు 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము ఇంచుమించుగా నిచ్చుచున్నది గనుక దీపపుతీగలపై బరువు తగ్గినమాట నిజమే. కాని వోల్టులు నాటివలెనే 230.

ఎం.సి.బి. కాపాడునది తీగను. తడిచేతినుండి మన దేహముగుండ భూమిలోనికి పోవు కొలది కరెంటు దాని లెక్కకు రాదు. అందులకు ఆర్.సి.సి.బి. యనునది వేఱుగా నుండవలెను. అది పోయిన కరెంటును, తిరిగివచ్చిన కరెంటును మన జమాఖర్చు పుస్తకమువలె సరిచూచుచుండును. 30 మిల్లీయాంపియర్ల తేడా వచ్చినచో రెప్పపాటులో ఇంటికి కరెంటు ఆపివేయును.

దానిని బిగించిన మఱునాటినుండి, పెరటి స్నానపుగది దీపము వేసినపుడెల్ల ఇల్లంతయు చీకటి! పనివాడు వచ్చి, “ఈ పెట్టె మంచిది కాదమ్మా, తీసేస్తాను” అనెను. బడివేళ మించుచున్నదని మావారును తలయూపిరి. నేను మాత్ర మొప్పుకొనలేదు. వెదకింపగా వెదకింపగా ఆ తడిగోడలో పాతతీగముక్క యొకటి మార్పక మిగిలియుండెను. పైతొడుగు చివికి, దీపము వేసినపుడెల్ల తేమగోడకు కరెంటు కాఱుచుండెను. మా యత్తగారు ప్రతిదినము తెల్లవాఱుజామున తడిబట్టలతో ఆ గోడను పట్టుకొనియే మెట్టు దిగుదురు.

మీ యింట ఈ పని చేయించునపుడు లైసెన్సు గలవానినే పిలిపింపుడు. ప్రతి ప్లగ్గునకును ఎర్తుతీగ చేరినదో లేదో అడిగి చూచుకొనుడు. ఆర్.సి.సి.బి.పై ‘టి’ యను అక్షరముగల చిన్నమీట యుండును. నొక్కగానే కరెంటు ఆగవలెను. ఆగనిచో దానిని మార్పింపుడు. నేను నెలకొకమాఱు, పాలలెక్క చూచుకొనునాడు నొక్కుచున్నాను. మొన్న చెప్పక నొక్కగా, మావారు కంప్యూటరుపై వేయుచున్న పరీక్షమార్కుల పట్టీ సగములో మాయమై, సాయంకాలమువఱకు నాతో మాటలాడలేదు.