అభిరుచులు అనేకం, అవధానం ఒక్కటే

ఉద్యోగధర్మమూ గృహధర్మమూ నెరవేర్చగా నాకు దినానికి మిగిలేది గంటన్నర కాలం. దానికై నిరీక్షిస్తున్నవి మాత్రం ఐదు: వీణ, సంస్కృత వ్యాకరణం, పద్యరచన, బ్రాహ్మీలిపి, ఛాయాచిత్రణం. గత మాసంలో వీణపై కప్పిన వస్త్రాన్ని తొలగించి చూడగా, వేసవి తాపానికి మైనం మెత్తబడి పై స్థాయి మెట్లు కొన్ని స్థానభ్రంశం చెంది ఉన్నాయి. అప్పుడు కలిగిన లజ్జయే ఈ వ్యాసానికి మూలం.

ఇట్టివానికి పెద్దలు చేసే ఉపదేశం ఒక్కటే: ఒకదానిని పట్టుకో, తక్కినవి విడిచిపెట్టు. ప్రమాణంగా గీత ద్వితీయాధ్యాయంలోని 41వ శ్లోకాన్ని చూపుతారు. నిశ్చయాత్మకమైన బుద్ధి ఒక్కటేననీ, నిశ్చయం లేనివారి బుద్ధులు అనంత శాఖలుగా చీలిపోతాయనీ దాని భావం. ఉపదేశం సాధువే, అన్వయమే నాకు సమ్మతం కాదు. తరువాతి మూడు శ్లోకాలను కలిపి చదివితే, భగవానుడు నిరాకరించినది భోగైశ్వర్యాలపై ఆసక్తితో ఫలం వెంట ఫలానికై పరుగెత్తే చిత్తాన్ని. నాలుగు విద్యలు నేర్చినవానిని కాదు. ఆ పార్థసారథియే సాందీపని సన్నిధిలో 64 దినాలలో 64 కళలు అభ్యసించినాడని భాగవతం చెబుతున్నది కదా! (మనకు ఆ వేగం లేదు, అది వేరు మాట.)

ఛాందోగ్యం సప్తమాధ్యాయంలో నారద మహర్షి వేదాలు మొదలుకొని నక్షత్రవిద్య, సర్పవిద్య వరకు తాను నేర్చినవన్నీ ఏకరువు పెట్టి, అయినా శోకం తీరలేదని సనత్కుమారునికి విన్నవించుకుంటాడు. ఈ కథను బహువిద్యలకు నిందగా వ్యాఖ్యానించేవారు ఉన్నారు. కాని సనత్కుమారుడు వాటిని పారవేయమనలేదు. అవన్నీ నామమేనని చెప్పి, ఆ నామాన్నే ఉపాసింపుమని ఆరంభించి, వాక్కు, మనస్సు, సంకల్పం మీదుగా భూమతత్త్వం వరకు నడిపించాడు. ఇక్కడ మనం దాటవేసే సంగతి ఒకటి ఉన్నది. నారదుడు ఆ విద్యలను నేర్చినాడు. నేను వాటి పుస్తకాలు కొన్నాను.

మన తెలుగువారికి ఈ విషయంలో మరింత సన్నిహితమైన ప్రమాణం అష్టావధానం. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన ఇత్యాదులతో ఎనిమిదిమంది పృచ్ఛకులు కూర్చుంటారు. అప్రస్తుత ప్రసంగి మధ్యమధ్య ఏదో అడిగి ధారను భంగపరచబోతాడు. అవధాని అన్నిటినీ ఏకకాలంలో చేస్తున్నట్లు సభకు తోస్తుంది. వాస్తవానికి పద్యాంశాలలో అతడు సాధారణంగా ఒక పృచ్ఛకునికి ఒక్క పాదం చెప్పి, దానిని అక్కడే వదలి, తరువాతివానివైపు తిరుగుతాడు. నాలుగు ఆవృత్తులలో పద్యాలు పూర్తవుతాయి. చివర ధారణలో అన్నిటినీ అప్పగిస్తాడు. ఒకరితో ఉన్నంతసేపు అతనికి ఆ పాదమే లోకం. పైగా ఎనిమిదిమంది అంటే ఎనిమిదిమందే. తొమ్మిదవవానికి ఆసనం లేదు. ఆ అంశాలలో అధికభాగం ఛందస్సు అనే ఒకే భూమికపై నిలిచినవి కూడా.

నా ఐదింటికి అట్టి భూమిక ఉన్నదా అని పరీక్షించుకున్నాను. వ్యాకరణమూ పద్యమూ పరస్పరం పోషించుకుంటాయి. లయ ద్వారా వీణ కూడా ఛందస్సుకు బంధువే. బ్రాహ్మీలిపి, ఛాయాచిత్రణం మాత్రం ఎవరినో చూచి కలిగిన మోజు. ఇట్టి వ్యాసంలో ఆ పదం తగదేమో గాని, విషయానికి అదే తగినది.

కాలం చాలదన్నది మన అందరి సాకు. పతంజలి అభ్యాసం దృఢపడటానికి చెప్పినవి దీర్ఘకాలం, నైరంతర్యం, సత్కారం. దినానికి ఎన్ని గంటలన్న లెక్క అందులో లేదు. యోగాంతరాయాలు తొమ్మిదింటిని ఎన్నుతూ ఆయన చేర్చిన అలబ్ధభూమికత్వం, అనవస్థితత్వం అనే రెండింటిని చదివినప్పుడు నన్నే పేరు పెట్టి పిలిచినట్లయింది. మొదటిది మెట్టు అందకపోవడం, రెండవది అందిన మెట్టుపై నిలువలేకపోవడం. వీణపై వర్ణం రెండవ కాలం చేతికి రానప్పుడే నేను బ్రాహ్మీలిపి పుస్తకం కొన్నాను. వ్యాకరణంలో సమాసప్రకరణం కఠినమైనప్పుడే కెమెరా ఇంటికి వచ్చింది. కొనుగోలు రసీదులపై తేదీలు ఉన్నాయి. సందేహానికి తావు లేదు. జిజ్ఞాస అని గౌరవనామం పెట్టుకొని ఇంతకాలం నేను చేసినది పలాయనం. దానికి కారణం అభిరుచుల సంఖ్య కాదు, కష్టభాగం వద్ద నిలువలేని చిత్తం. ఒక్క విద్యనే ఉంచుకున్నా ఆ చిత్తం వార్తాపత్రికలోకైనా పారిపోయేదే.

కెమెరాను మా మేనకోడలికి ఇచ్చివేశాను. లిపి పుస్తకాలను ఇవ్వడానికి ఇంకా మనసు రాలేదు. అటక మీద ఉన్నాయి. ప్రాతఃకాలంలో అరగంట వీణ, రాత్రి గంటసేపు వ్యాకరణం, ఆదివారం ఆ గంటలో పద్యం. మెట్లు తిరిగి అమర్చేవారు వచ్చే వారం వస్తామన్నారు. ఉన్న 24 మెట్లలో మొదటి 12 సరిగానే పలుకుతున్నవి గనుక, అందాకా సరళీవరుసలు వాయిస్తున్నాను.