పాసా, ఫేలా... అదొక్కటి చెబితే చాలా?

పోయిన నెలలో ఓ ఆదివారం కీసరలో అమ్మను చూడ్డానికి వెళ్లాను. భోజనాలయ్యాక, అమ్మకి ఇంటిపనిలో సాయం చేసే ఆమె గిన్నెలు కడిగి చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది. ప్లాస్టిక్ కవర్లో భద్రంగా చుట్టి తెచ్చిన కార్డు ఒకటి నా చేతిలో పెట్టింది.

"అక్కా, నువ్వు చదువుకున్నదానివి. గిండ్ల ఏం రాసిన్రో జర చూడు. రేపు సంతకం పెట్టి పంపాల్నట. మా పోరి పాసయిందా, ఫేలయిందా? గదొక్కటి చెప్పు, చాలు."

ఆమె కూతురు సర్కారు బడిలో ఐదో తరగతి. కార్డు తెరిచాను. మార్కుల్లేవు, ర్యాంకు లేదు. 'తెలుగు' అని రాసి, దాని కింద వినడం-ఆలోచించి మాట్లాడడం, ధారాళంగా చదవడం-అర్థం చేసుకోవడం, స్వీయరచన, పదజాలం... ఇలా వరుసలున్నాయి. మాట్లాడడానికి 'ఏ'. చదవడానికి 'సి'. లెక్కల్లో సమస్యా సాధనకి 'బి'. ఇందులో పాసెక్కడ, ఫేలెక్కడ?

"పాసేలే" అనేశాను. ఆమె ముఖం వెలిగిపోయింది. వంకరటింకరగా తన పేరు రాసి, కార్డు మళ్లీ కవర్లో చుట్టుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం నాచారం తిరిగొస్తుంటే దారంతా ఆ 'సి' నా కళ్లముందే ఉంది. నేను అబద్ధం చెప్పలేదు. కానీ నిజమూ చెప్పలేదు. ఐదో తరగతి పిల్లకి చదవడం సరిగ్గా రావడం లేదన్న సంగతి ఆ కార్డులో ఉంది. అది తెలియాల్సిన మనిషికి మాత్రం తెలియలేదు.

మన చిన్నప్పుడు ఈ గొడవ లేదు. ప్రోగ్రెస్ రిపోర్టులో ముప్పై అయిదుకి ఒక్క మార్కు తగ్గినా ఎర్రసిరా గీత పడేది. నాన్న సంతకానికి వెళ్లేముందు వీపుకి నూనె రాసుకోవాల్సిందే! నాకు ఆరో తరగతిలో లెక్కల్లో ముప్పై ఒకటి వచ్చాయి. తిట్లు తిన్నాను. కానీ నాకు రానిది భిన్నాలా, శాతాలా అని ఇంట్లో ఎవరూ అడగలేదు. బళ్లో ఎవరూ చెప్పలేదు. ఆ ముప్పై ఒకటిలో ఆ సంగతి లేదు మరి!

ఆ లోటు తీర్చడానికే కొత్త పద్ధతి వచ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఎనిమిదో తరగతి దాకా పిల్లల్ని నిరంతరంగా, సమగ్రంగా మూల్యాంకనం చేయాలంది. ఆ తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన కొత్త పాఠ్యపుస్తకాల్లో 'విద్యా ప్రమాణాలు' అని సబ్జెక్టువారీగా రాశారు. లెక్కలంటే జవాబు రావడమే కాదు, కారణం చెప్పగలగాలి, బొమ్మ గీసి చూపగలగాలి, నిత్యజీవితానికి ముడిపెట్టగలగాలి. రాత పరీక్షతో పాటు తరగతిలో పాల్గొనడం, నోటు పుస్తకం, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష అన్నీ చూసి గ్రేడు ఇవ్వాలి. ఆలోచన బంగారంలాంటిది. ఎటొచ్చీ అది మన ఇళ్లకి చేరేసరికి ఏమైంది?

మా ఇంటి సంగతే చెబుతాను. మావాడు ఇక్కడే ఓ ప్రైవేటు బళ్లో నాలుగో తరగతి. వాడి కార్డు నున్నటి కాగితం మీద రంగుల్లో వచ్చింది. అన్నీ 'ఏ'లే! కింద 'కీప్ ఇట్ అప్' అని. నేను మురిసిపోయి వీధిలో ఇద్దరికి చూపించాను కూడా. వారం తిరక్కుండా వాణ్ణి కిరాణా కొట్టుకి పంపాను. రెండొందల నోటిచ్చాను. సామానుకి నూట ముప్పై ఏడు అయింది. "చిల్లర ఎంత రావాల్రా?" అంటే "డెబ్భై మూడు" అన్నాడు. కాగితం మీద చేయించాను. అప్పుడూ డెబ్భై మూడే. సున్నా పక్కన సున్నా ఉంటే అప్పు ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలో వాడికి తెలీదు!

పేరెంట్స్ మీటింగ్‌లో అడిగితే టీచరమ్మ పాపం నిజమే చెప్పింది. "ఏ ఇవ్వకపోతే పేరెంట్స్ ఊరుకోరండీ. పక్కబడికి మార్చేస్తామంటారు" అని. ఆమెని అనుకుని ఏం లాభం? ఆ పేరెంట్స్‌లో నేనూ ఉన్నాను కదా! ఇక ప్రాజెక్టుల సంగతి మీకు చెప్పేదేముంది? రాత్రి పదకొండింటికి థర్మాకోల్ షీటు కోస్తూ సౌరకుటుంబం తయారుచేసేది ఎవరో మనకి తెలీదూ? గ్రేడు వాడికి, నిద్ర చాలనిది మనకి.

అమెరికాలో ఉన్న మా ఆడపడుచు ఒకరోజు ఏడుస్తూ ఫోన్ చేసింది. "వదినా, వీడికి అన్నింట్లో మూడే వచ్చింది, నాలుగు ఒక్కటీ లేదు!" అని. అక్కడ చాలా బళ్లలో చిన్న తరగతులకి ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలేస్తారట. మూడంటే ఆ తరగతికి రావాల్సింది వచ్చిందని అర్థం. నూటికి డెబ్భై అయిదని కాదు! టీచరు కూర్చోబెట్టి ఒక్కో వరుసా చదివి, వాడు ఏం చేయగలడో, ఏం రావాలో చెప్పాక మా ఆడపడుచు కుదుటపడింది. అంటే చదువుకున్న తల్లికైనా ఆ కార్డు ఒకరు విప్పి చెప్పాల్సి వచ్చింది. మరి సంతకం మాత్రమే నేర్చిన తల్లి మాటేమిటి?

ఇది చిన్న విషయం కాదు. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి చూసే 'అసర్' సర్వే ఉంది. దేశంలో ఐదో తరగతి పిల్లల్లో దాదాపు సగం మంది రెండో తరగతి పాఠం చదవలేకపోయారని 2024 నివేదిక చెప్పింది. మన ప్రభుత్వం కూడా 2022లో ప్రాథమిక బళ్లలో 'తొలిమెట్టు' మొదలుపెట్టింది, ముందు చదవడం, రాయడం, లెక్కలు గట్టిపడాలని. చదవడం రాకుండా ఆరులోకి వెళ్లిన పిల్లకి సైన్సూ రాదు, సోషలూ రాదు. ఎనిమిదో తొమ్మిదో అయ్యేసరికి "చదువు అబ్బలేదు" అంటారు. ఆడపిల్లయితే ఆ తర్వాత మాట పెళ్లి గురించే.

అయితే ఫేల్ చేసేస్తే సరిపోతుందా? ఆ వాదన మళ్లీ వచ్చింది. 2019లో చట్టం సవరించి అయిదు, ఎనిమిది తరగతుల్లో పిల్లల్ని ఆపే అధికారం ప్రభుత్వాలకిచ్చారు. 2024 డిసెంబరులో కేంద్రం తన బళ్లకి ఆ నిబంధన తెచ్చింది. ఫేలయితే రెండు నెలల్లో మళ్లీ పరీక్ష, అదీ తప్పితే అదే తరగతి. చదవడం రాని పిల్లని అదే గదిలో, అదే బెంచీ మీద ఇంకో ఏడాది కూర్చోబెడితే చదవడం దానంతటదే వస్తుందా? ఏం రాలేదో చూసి నేర్పేవాళ్లుంటే రావచ్చు. అలాంటప్పుడు ఆ పని ఈ ఏడాదే ఎందుకు చేయకూడదు?

నాకు తోచింది చెబుతాను. కార్డులో 'సి' అని ఊరుకోకుండా, "ఒత్తులున్న మాటలు కూడబలుక్కుంటోంది, రోజూ పది నిమిషాలు చదివించండి" అని ఒక్క వాక్యం వాడుక తెలుగులో రాయాలి. చదువురాని తల్లిదండ్రుల్ని పిలిచి ఆ వాక్యం చదివి వినిపించాలి. రిజిస్టర్లు నింపడంతోనే సరిపోతున్న టీచర్లకి అందుకు తీరిక దొరకాలంటే ఆ రాతకోతలు తగ్గించాలి. ఇక మనం, "పక్కింటి అబ్బాయికి ఎంత?" అని అడగడం మానాలి. అన్నీ 'ఏ'లొస్తే మురిసిపోయే ముందు, కిరాణా కొట్టు దాకా ఒకసారి పంపి చూడాలి!

తర్వాతి ఆదివారం మళ్లీ కీసర వెళ్లాను. ఆ పిల్లని పిలిచి తెలుగు వాచకం చదవమన్నాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, ఒత్తు దగ్గర ఆగి నా మొహంలోకి చూసింది. "పాసే గానీ, చదవడం ఇంకా సరిగ్గా రాలేదు" అని వాళ్లమ్మకి ఉన్నమాట చెప్పాను. కోపం వస్తుందేమో, పిల్లని కొడుతుందేమో అనుకున్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు.

"గా ముచ్చట ఆ దినమే చెప్తే అయిపోవు గదక్కా! బడికి పోయి సారునన్న అడుగుదును" అంది.

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? కార్డు మీద సంతకం పెట్టమన్నారంటే, అందులో ఏముందో తెలుసుకునే హక్కు కూడా ఆ తల్లికి ఉన్నట్టే కదా. ఏమంటారు?