పడిపోతావు, కూర్చోమ్మా!

మా అమ్మకి డెబ్భై రెండేళ్ళు. నాన్న పోయాక కాకినాడలో ఒక్కతే ఉంటోంది. రెండేళ్ళ క్రితం కార్తీకమాసంలో తులసికోట దగ్గర దీపం పెట్టి వెనక్కి తిరగబోయి, నాచు మీద కాలు జారి పడింది. అదృష్టం కొద్దీ ఎముకలేవీ విరగలేదు. మణికట్టు బెణికింది, మోచెయ్యి గీరుకుపోయింది. పదిహేను రోజుల్లో కట్టు తీసేశారు.

కథ అక్కడితో అయిపోవాలి కదా? కానివ్వలేదు మేము.

నేను హైదరాబాదులో, తమ్ముడు డాలస్‌లో. ఇద్దరం సాఫ్టువేరోళ్ళమే. మన బుర్రలు ఎలా పనిచేస్తాయో మీకు చెప్పక్కర్లేదు. ఇన్సిడెంట్ జరిగింది కాబట్టి మళ్ళీ జరక్కుండా చూడాలి. నేను హాల్లో కెమెరా పెట్టించాను. వాడు, మనిషి పడితే కనిపెట్టే వాచీ పంపాడు (ఆపిల్ వాచీలో 2018 నుంచీ ఉంది ఆ సౌకర్యం). పెరటి తలుపుకి తాళం వేయించాం. ఇక ఫోన్లో రోజూ ఒకటే పాట. "అమ్మా, స్టూలెక్కకు. గుడికెళ్ళకు, మెట్లున్నాయి. ఏం కావాలన్నా ఆన్‌లైన్లో పంపిస్తాం, నువ్వు కూర్చో."

అమ్మ కూర్చుంది. జీవితంలో మొదటిసారి మా మాట విన్నది.

ఉగాదికి వెళ్ళి చూద్దును కదా, కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించి, రెండో ప్రయత్నానికి లేస్తోంది. గోడ పట్టుకుని నడుస్తోంది. గడప దగ్గర ఆగి, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఎవరన్నా చెయ్యిస్తారేమోనని చూస్తోంది. దెబ్బ తగిలింది చేతికి కదా, మరి కాళ్ళకేమైంది?

ఫిజియోథెరపీ చేసే అమ్మాయిని ఇంటికి పిలిపించాను. అమ్మని నాలుగడుగులు నడిపించి, కుర్చీలో కూర్చోబెట్టి, లేపి చూసి, "దెబ్బ వల్ల కాదండీ, వాడకపోవడం వల్ల. కాళ్ళల్లో బలం తగ్గిపోయింది. ఇన్నాళ్ళూ కూర్చోమని ఎవరు చెప్పారు?" అంది. నేను కెమెరా వైపు చూశాను.

ఒకసారి క్రాష్ అయిందని సర్వర్‌ని ఆపేసి, ఆర్నెల్లుగా ఒక్క ఎర్రరూ లేదని మేనేజరుకి చెప్పుకుంటే ఎలా ఉంటుంది? మేం చేసింది అదే. భయంతో కదలరు, కదలక కండ కరుగుతుంది, కండ లేక తూలతారు, తూలేసరికి భయం ఇంకా పెరుగుతుంది. ఇన్‌ఫినిట్ లూపు. వాచీ ఏమో, పడ్డాక మోగుతుంది.

ఈ భయం మా అమ్మ ఒక్కదానిదే అనుకున్నాను. చదివితే తెలిసింది, ఒక్కసారి కూడా పడని పెద్దవాళ్ళలోనూ ఇది ఉంటుందట. మేరీ టినెట్టి అనే అమెరికన్ డాక్టరు, తన బృందంతో కలిసి 1990లో దీన్ని కొలవడానికి పది ప్రశ్నలు తయారుచేశారు. అందులో "మీకు భయమా?" అని అడగరు. పడకుండా స్నానం చెయ్యగలనని, మంచం దిగగలనని, ఇంట్లో తిరగగలనని మీకెంత నమ్మకం ఉంది అని అడుగుతారు. నాకు బాగా నచ్చిందిది. మేం పోగొట్టింది సరిగ్గా ఆ నమ్మకాన్నే.

మందు లేదా అంటే ఉంది. న్యూజిలాండులో ఓటాగో విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంట్లోనే చేసుకునే వ్యాయామాలు తయారుచేశారు. కాళ్ళ బలానికి, బ్యాలెన్సుకి వారానికి మూడుసార్లు, నడక వారానికి రెండుసార్లు. వాళ్ళ పరీక్షల్లో పడిపోవడాలు సుమారు 35 శాతం తగ్గాయి. 2019లో కోక్రేన్ వాళ్ళు 108 పరిశోధనలు కలిపి చూస్తే, వ్యాయామం వల్ల తగ్గుదల 23 శాతం అని తేలింది. నూటికి నూరు కాదు. కానీ మా కెమెరా సాధించింది సున్నా.

అమ్మ మొదట ఒప్పుకోలేదు. "ఈ వయసులో నాకు డ్రిల్లేమిట్రా" అంది. వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తి నిలబడ్డం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, గచ్చు మీద గీత వెంబడి అడుగులో అడుగు వేస్తూ నడవడం, ఇంతే. ముందు డాక్టరుకి చూపించాం లెండి. లేచి నిలబడగానే బీపీ పడిపోతోందేమో, నిద్రమాత్రలేమైనా వాడుతున్నారేమో, కళ్ళల్లో శుక్లాలున్నాయేమో చూపించుకోవాలి. బాత్రూములో పట్టుకోవడానికి రాడ్డు బిగించి, అరిగిపోయిన హవాయి చెప్పులు పారేసి, పెరట్లో నాచు గీకించాం. తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో నాకు తెలియక కాదు. ఇవన్నీ చేశాక కూడా "కూర్చో" అంటే మాత్రం తప్పు.

ఒకరోజు అడిగాను, "అమ్మా, అసలు పడితే ఏమవుతుందని నీ భయం?" అని.

"దెబ్బకి కాదురా. నేను పడితే నువ్వు సెలవు పెట్టాలి, వాడు టిక్కెట్టు కొనుక్కుని రావాలి. మీకెందుకొచ్చిన బాధ?"

నాకు నోట మాట రాలేదు. మేం రోజూ ఫోన్లో చెప్పిన జాగ్రత్తలు ఆవిడకి అలా వినిపించాయన్నమాట. నిజం చెప్పాలంటే ఆవిడ తప్పుగా వినలేదు కూడా. ఆ జాగ్రత్తలు మాకు రాత్రి నిద్ర పట్టడానికి. మన వాళ్ళల్లో పెద్దల్ని కాలు కదపనివ్వకపోవడమే సేవ. "హాయిగా కృష్ణా రామా అనుకుంటూ కూర్చో" అంటాం. దూరంగా ఉన్నవాళ్ళం ఇంకాస్త గట్టిగా అంటాం.

తర్వాత పక్కింటి పిన్నిగారు సాయం చేశారు. మొదటివారం గేటుదాకా, తర్వాత సందు చివర కిరాణా కొట్టుదాకా, ఆ తర్వాత గుడిదాకా. చెయ్యి పట్టుకోకుండా పక్కన నడవమని ఆవిడకి చెప్పాం. మేం ఫోన్లో "జాగ్రత్త" మానేసి, "ఇవాళ ఎందాకా వెళ్ళావు?" అని అడగడం మొదలెట్టాం. తమ్ముడికి ఇది నచ్చలేదు. ఏదైనా అయితే నీదే బాధ్యత అన్నాడు. సరే అన్నాను. భయం పూర్తిగా పోలేదు, వానాకాలంలో ఇప్పటికీ పెరట్లోకి వెళ్ళదు.

పోయినవారం మీటింగు మధ్యలో ఫోన్లో కెమెరా తెరిచాను (అలవాటు పోలేదు). హాలు ఖాళీ. పది నిమిషాలు చూశాను, మనిషి జాడలేదు. గుండె జారిపోయి ఫోన్ చేశాను. చుట్టూ ఒకటే గోల.

"రైతుబజారుకొచ్చాన్రా, లేత దొండకాయలున్నాయి. పెట్టెయ్, రోడ్డు దాటాలి."

జాగ్రత్తమ్మా అనబోయి ఆగి, కిలో ఎంత అని అడిగాను. అప్పటికే పెట్టేసింది.